పడడం నేర్పే చోట చేర్చండి

ప్రశ్న: మా పాపకు ఏడేళ్లు. సోఫా మీద నుంచి పిల్లిమొగ్గలు, గోడకు కాళ్లు ఆనించి తలకిందులుగా నిలబడటం... ఇంట్లో రోజంతా ఇదే పని. జిమ్నాస్టిక్స్‌లో చేర్పిద్దామని రెండు క్లబ్బులు చూసొచ్చాం. మొదటి దాంట్లో గోడ నిండా పతకాలు, ఫొటోలు. కానీ క్లాసు జరిగేటప్పుడు తల్లిదండ్రులను లోపలికి రానివ్వరట. రెండోది చిన్నది, పెద్ద పేరేమీ లేదు. పిల్లలు మాత్రం నవ్వుకుంటూ బయటికి వస్తున్నారు. 'ఏడేళ్లంటే ఇప్పటికే లేటు, వారానికి ఐదు రోజులు పంపితేనే లాభం' అని మొదటి క్లబ్బు వాళ్లు అన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. దేన్ని ఎంచుకోమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ సంగతి తేల్చేద్దాం. ఏడేళ్లు లేటు కానే కాదు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో రొమేనియా జిమ్నాస్ట్ నాదియా కొమనెచి పద్నాలుగేళ్లకే పదికి పది తెచ్చుకుంది. ఎంత చిన్నప్పుడు మొదలుపెడితే అంత మంచిదన్న మాట అప్పటి నుంచి మరీ బలంగా పాతుకుపోయింది. ఇప్పుడైతే పెద్దల అంతర్జాతీయ పోటీల్లోకి రావాలంటే ఆ సంవత్సరంలో అమ్మాయిలకు 16, అబ్బాయిలకు 18 ఏళ్లు నిండాలి. ఉజ్బెకిస్థాన్ క్రీడాకారిణి ఒక్సానా చుసోవితినా తన ఎనిమిదో ఒలింపిక్స్ టోక్యోలో ఆడింది, 46 ఏళ్ల వయసులో. మీ పాపకు ఇప్పుడు వారానికి ఒకటి రెండు రోజులు, రోజుకో గంట చాలు. ఇంకా కావాలని తనే మిమ్మల్ని వేధించినప్పుడు పెంచండి.

నేను చిన్నప్పుడు ఈ ఆట ఆడాను. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు చిన్నపిల్లలకు నేర్పాను. ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే: ఒక క్లాసు మొదలైనప్పటి నుంచి చివరిదాకా కూర్చుని చూడండి. 'చూడనివ్వం' అని వాళ్లంటే ఆ క్లబ్బు వద్దు. రోజూ తల్లి హాల్లోనే ఉంటే పిల్లల ధ్యాస ఆమె మీదే ఉంటుందన్న మాట నిజమే, నేనూ ఆ ఇబ్బంది పడ్డాను. దానికి గాజు కిటికీయో, మెట్ల మీద కూర్చునే చోటో, తీసి ఉంచిన తలుపో చాలు. మూసిన తలుపు వెనుక పిల్లలు ఎంత నష్టపోగలరో ఈ ఆట చూసేసింది. అమెరికాలో జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టరు ఒకాయనకు లైంగిక వేధింపుల కేసులో 2018లో శిక్ష పడేటప్పుడు నూటయాభై మందికి పైగా ఆడవాళ్లు కోర్టు ముందు నోరు విప్పారు. బ్రిటన్‌లో ఈ ఆటలో పిల్లల పట్ల జరిగిన తీరుపై 2022లో వచ్చిన విచారణ నివేదికకు నాలుగు వందలకు పైగా జనం తమ అనుభవాలు పంపారు. గాయంతోనే ఆడించడం, బరువు పేరుతో వేధించడం అన్నీ అందులో ఉన్నాయి. అందుకే ఈ ఒక్క విషయంలో నేను మెత్తబడను.

చూడటానికి కూర్చున్నాక బాగా ఆడే పిల్లల మీద నుంచి కళ్లు తిప్పుకుని, భయపడుతున్న పిల్ల ఎక్కడుందో వెతకండి. బీమ్ దగ్గర, అంటే పిల్లలు ఎక్కి నడిచే సన్నటి దూలం దగ్గర, తప్పకుండా ఒకరు కనబడతారు. ఆ దూలం వెడల్పు 10 సెంటీమీటర్లే. పోటీల్లో దాని ఎత్తు 125 సెంటీమీటర్లు, అంటే ఏడేళ్ల పిల్లకు దాదాపు తన తలంత ఎత్తు. పైకెక్కిన పిల్ల కాలి వేళ్లు ముడుచుకుని, చేతులు బిగబట్టి, కదలకుండా నిలబడిపోతుంది. అప్పుడు కోచ్ ఏం చేస్తారో చూడండి. దగ్గరికి వచ్చి, నడుం దగ్గర చెయ్యి ఉంచి, 'ఇవాళ కింది బీమ్ మీద చేద్దామా' అని అడిగే కోచ్ ఉన్న చోటు మంచిది. 'అందరూ చేస్తున్నారు, నీకేమైంది' అని దూరం నుంచి కేకేసే చోట ఎన్ని పతకాలున్నా మీ పాపను వదలొద్దు. అసలు కొత్తగా చేరిన పిల్లలు నేల మీద గీసిన గీత మీద మొదలుపెట్టాలి. తర్వాత నేలకు ఆనుకున్న బీమ్, ఆ తర్వాత మోకాలెత్తు బీమ్. రెండో వారంలోనే పైకెక్కించేస్తే వాళ్లకు తొందర ఎక్కువన్నమాట.

ఇంకొకటి, పడటం ఎలా నేర్పుతున్నారో చూడండి. వెనక్కి పడబోతే ఎవరైనా చేతులు వెనక్కి చాచి, మోచేతులు నిటారుగా పెట్టేస్తారు. మణికట్టు విరిగేది, మోచెయ్యి తొలిగేది అలాంటప్పుడే. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేతులు ఛాతీ మీద పెట్టుకుని దొర్లడం మొదటి నెలలోనే రావాలి. దూకి దిగేటప్పుడు మోకాళ్లు వంగి ఉండాలి. నా క్లాసులో కొత్త పిల్లలు కార్ట్‌వీల్ (చేతుల మీద పక్కకు చక్రంలా తిరగడం) కంటే ముందు ఓ యాభై సార్లయినా ఉత్తినే పడేవాళ్లు. కొందరు తల్లిదండ్రులు 'ఇదేం ఆట, పడుకోబెట్టి దొర్లిస్తున్నారు' అని నన్ను నిలదీశారు కూడా.

నొప్పి విషయం నా సొంత అనుభవంతో చెబుతాను. పదకొండేళ్లప్పుడు నాకు కుడి మణికట్టు నొప్పి మొదలైంది. హ్యాండ్‌స్టాండ్ వేస్తే, అంటే చేతుల మీద తలకిందులుగా నిలబడితే చాలు, బొటనవేలి వైపు లోపల సలుపు. మా కోచ్ క్రేప్ బ్యాండేజి చుట్టి, 'బలం వస్తే అదే పోతుంది' అన్నారు. నాలుగు నెలలు అలాగే చేశాను. ఎముక చివర పెరిగే భాగం పిల్లల్లో ఇంకా గట్టిపడదు, దాని మీద రోజూ ఒంటి బరువంతా పడితే దెబ్బతింటుందని తర్వాత డాక్టరు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ నేల మీద నుంచి లేవాలంటే అరచెయ్యి ఆనించలేను, పిడికిలి బిగించి లేస్తాను. కాబట్టి రెండు క్లబ్బుల్లోనూ ఇదే అడగండి: 'మా పాప మణికట్టు నొప్పి అంటే మీరేం చేస్తారు?' ఆ రోజు చేతుల మీద బరువు పడే పనులు ఆపి, కాళ్ల పనులు చేయించి, మీకు చెప్పి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పంపుతామంటే సరైన జవాబు. స్ప్లిట్స్ (కాళ్లు చెరోవైపు నేలకు ఆనేలా చాచడం) కోసం పిల్లల తొడల మీద కూర్చుని నొక్కే కోచ్‌ని చూస్తే అక్కడి నుంచే వచ్చేయండి. పిల్ల బరువు గురించి ఒక్క మాట విన్నా అంతే.

ఒక గడియారం దగ్గర పెట్టుకోండి. గంటలో ఒక్కో పిల్ల నిజంగా కదిలింది ఎన్ని నిమిషాలు, వరుసలో నిలబడింది ఎన్ని నిమిషాలు? ఒక కోచ్ చేతిలో ఎనిమిది మందికి మించి చిన్నపిల్లలుంటే ఎవరికీ వంతు సరిగ్గా రాదు, పట్టుకునే చెయ్యి సమయానికి అందదు. మ్యాట్‌ల మధ్య కాలు ఇరుక్కునే సందులున్నాయా, కోచ్‌లకు శిక్షణ, ప్రథమ చికిత్స సర్టిఫికెట్లు ఉన్నాయా అని కూడా చూడండి. మొహమాటపడకండి, అడగడం మీ హక్కు.

ఇక ఆ పతకాల గోడ. ఎవరో కష్టపడి తెచ్చుకున్నవి, వాటిని తక్కువ చేయను. కానీ ఆ ఫొటోల్లో ఉన్న పిల్లల్లో ఎందరు ఇంకా అక్కడే ఆడుతున్నారో అడగండి. చాలామంది మధ్యలోనే మానేసి ఉంటే ఎందుకో తెలుసుకోండి. వీలైతే వాళ్ల తల్లులతోనే మాట్లాడండి.

మీరు రాసినదాన్ని బట్టి నా మనసు రెండో క్లబ్బు వైపే ఉంది. అయితే నవ్వులు చూసి సరిపెట్టుకోవద్దు. చిన్న క్లబ్బులో మ్యాట్‌లు అరిగి, లోపలి స్పాంజి నలిగి గట్టిపడిపోయి ఉండొచ్చు. మోకాలితో నొక్కి చూడండి, నేల తగిలితే వాళ్లకు చెప్పండి. మార్చేదాకా ఆగండి. ఒకటి రెండు ట్రయల్ క్లాసులు చేయించి, ఇంటికొచ్చాక 'ఎలా ఉంది' అని అడిగితే పాప 'బాగుంది' అని పరుగెత్తిపోతుంది. 'ఇవాళ ఎక్కడ భయమేసింది? అప్పుడు మీ కోచ్ ఏమన్నారు?' అని అడగండి. నేను మీ చోట ఉంటే ఆ జవాబును బట్టే ఫీజు కట్టేదాన్ని.

చేరేలోగా సోఫా మీద నుంచి పిల్లిమొగ్గలు మాన్పించండి, మెడ మీద బరువు పడుతుంది. నేల మీద మందపాటి దుప్పటి పరిచి, గడ్డం ఛాతీకి ఆనించి దొర్లమనండి. గోడకు కాళ్లు ఆనించి నిలబడే సరదా ఉండనివ్వండి, పక్కన మీరుంటే చాలు.