చెంగ్డూ వూహౌ గుడి: కథ తెలుసుకుని వెళ్ళండి

చైనాలోని చెంగ్డూలో పాండాలు చూశాక ఒక్క పూటే మిగులుతుంది, చైనీస్ రాదు, వూహౌ గుడికి వెళ్తే దండగేమో అని ఒకరు అడిగారు. దండగ కాదండీ. కాకపోతే కథ తెలియకుండా వెళ్తే ఏమీ మిగలదు. నేను రెండు రకాలుగానూ చూశాను.

మొదటిసారి ముప్పావు గంటలో బయటికి వచ్చేశాను. ఎర్ర గోడలు, వెదుళ్ళు, గడ్డాల విగ్రహాలు. ఏది ఎవరిదో తెలియలేదు. రెండోసారి అక్కడి సహోద్యోగి ఒకతను నాతో వచ్చాడు. పెద్ద గుమ్మం దగ్గరే ఆగి, "పైన పలక మీద రాసి ఉన్నది రాజుగారి పేరు. ఊళ్ళో ఎవరినడిగినా మాత్రం ఇది మంత్రి గుడి అంటారు" అన్నాడు. ఆ మాటతో నాకు గుడి అర్థం కావడం మొదలైంది.

రాజు లియు బెయ్. క్రీ.శ. 221లో చెంగ్డూ రాజధానిగా షూ అనే రాజ్యానికి చక్రవర్తి అయ్యాడు, 223లో పోయాడు. మంత్రి ఝుగె లియాంగ్. వూహౌ అన్నది ఆయన బిరుదే. మరణశయ్య మీద లియు బెయ్ మంత్రిని పిలిచి, "నా కొడుకు పనికొస్తాడనిపిస్తే తోడుండు, లేదంటే రాజ్యం నువ్వే తీసుకో" అన్నాడట. కొడుకులకేమో మంత్రిని తండ్రిలా చూసుకోమని చెప్పాడు. రాయలవారు తిమ్మరుసును అప్పాజీ అనడం విని పెరిగిన మనకు ఈ బంధం వేరే చెప్పక్కర్లేదు. ఝుగె లియాంగ్ సింహాసనం జోలికి పోలేదు. ఆ కొడుకు కోసమే పనిచేసి, 234లో దండయాత్ర మధ్యలో శిబిరంలోనే కన్నుమూశాడు.

ఇప్పుడు లోపలికి వెళ్ళండి. ముందు లియు బెయ్ మండపం. దారికి రెండు వైపులా నడవాల్లో 14 మంది మంత్రులు, 14 మంది సేనానులు. రాజు పక్కన కొడుకు లియు షాన్ ఉండాలి కదా? లేడు. 263లో శత్రువుకు లొంగిపోయి, వాళ్ళ రాజధానిలో "ఇక్కడ హాయిగా ఉంది, షూ గుర్తుకే రావడం లేదు" అన్నవాడు. ఉన్నది మనవడు లియు చెన్. లొంగిపోవద్దని మొత్తుకుని, మాట సాగక తాతగారి గుడిలో ఏడ్చి ప్రాణం తీసుకున్నవాడు. మొదటిసారి ఆ విగ్రహం ముందు నుంచే నడిచి వెళ్ళిపోయానని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అక్కడి నుంచి కొన్ని మెట్లు దిగితే మంత్రి మండపం. రాజు కంటే మంత్రి కింద ఉండాలి కాబట్టి అలా కట్టారు. జనం మాత్రం ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. చేతిలో ఈకల విసనకర్రతో ఝుగె లియాంగ్, పక్కన కొడుకు, మనవడు. ఆ ఇద్దరూ అదే 263లో యుద్ధంలో చనిపోయారు. మండపం ముందు 1902లో ఝావ్ ఫాన్ అనే అధికారి రాసిన జంట వాక్యాలు వేలాడుతుంటాయి. మనసును గెలిస్తే తిరుగుబాట్లు వాటంతటవే చల్లారతాయి, యుద్ధం నిజంగా తెలిసినవాడు యుద్ధాన్ని కోరుకోడు అని అందులో ఒక సగం భావం. సహోద్యోగి చదివి చెప్తుంటే పక్కనున్న ఓ పెద్దాయన కూడా గొంతు కలిపాడు. ఆయనకు కంఠస్థం.

ఇప్పుడున్న కట్టడాలు 1672 నాటివి. గుమ్మం దాటగానే వచ్చే 809 నాటి శిలాఫలకం వాటి కంటే చాలా పాతది, దాన్ని వదలకండి. చివర్లో ఎర్ర గోడల మధ్య వెదుళ్ళ దారి లియు బెయ్ సమాధికి తీసుకెళ్తుంది. చెట్లు మొలిచిన మట్టిదిబ్బ, ఇంతవరకూ తవ్వలేదు.

రెండున్నర గంటలు పెట్టుకోండి. నేను వెళ్ళినప్పుడు టికెట్ 50 యువాన్లు. పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. మెట్రోలో గావ్‌షెంగ్‌చావ్ స్టేషన్‌లో దిగితే దగ్గర. పక్కనే ఉన్న జిన్లీ వీధిలో సాయంత్రం ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు, కాబట్టి పొద్దున్నే గుడి చూసేసి తర్వాత అటు వెళ్ళండి.