కాఫీ తోటలో గుంపులు కట్టిన పొడుగు కాళ్ల జీవులు: మందు కొట్టాలా?

ప్రశ్న: మా కాఫీ తోటలో మిరియాల తీగ పాకించిన సిల్వర్ ఓక్ మొదళ్లలో పొడుగు కాళ్ల సాలీళ్ల లాంటివి గుంపులుగా ఉంటున్నాయి. కదిలిస్తే అన్నీ ఒక్కసారే ఊగుతున్నాయి, ఘాటు వాసన వస్తోంది. కొన్నిటి కాళ్లకు ఎర్రటి చుక్కలున్నాయి. ఇవి గోమార్ల జాతివా? తోటకు, ఆవులకు ప్రమాదమా? ఏ మందు కొట్టాలి?
– ఒక కాఫీ రైతు, పాడేరు

జవాబు: దయచేసి ఏ మందూ కొట్టకండి. మీరు చెప్పిన గుర్తులన్నీ హార్వెస్ట్‌మన్ అనే జీవివి. దీనికీ ఎనిమిది కాళ్లే గానీ ఇది సాలీడు కాదు. సాలీడుకు నడుము సన్నగా ఉండి ఒళ్లు రెండు భాగాలుగా కనిపిస్తుంది; దీని ఒళ్లంతా ఒకటే ముద్ద, పైన చిన్న బొడిపె మీద రెండు కళ్లు. గూడు అల్లదు. విషగ్రంథులే లేవు. ఆవుల రక్తం తాగదు కాబట్టి గోమార్ల భయం కూడా వద్దు.

ఒంట్లో తేమ త్వరగా ఆరిపోతుంది కాబట్టి పగలు చల్లటి నీడలో గుంపు కట్టి, రాత్రి తిండికి బయల్దేరుతాయి. కళ్లకన్నా రెండో జత కాళ్లతోనే ఎక్కువగా తడుముకుంటూ దారి చూసుకుంటాయి. పేనుబంక, చిన్న పురుగులు, చచ్చిన పురుగులు, బూజు, కుళ్లిన పండ్లు, ఏది దొరికితే అది తింటాయి. సాలీడులా రసం పీల్చడం కాదు, ముక్కలుగా కొరికి నమిలేస్తాయి. అమెరికాలో బంగాళదుంప పొలాల్లో ఫలాంజియం ఒపీలియో అనే హార్వెస్ట్‌మన్ రకం, ఆ పంటను తినే కొలరాడో పెంకు పురుగు గుడ్లను, చిన్న పిల్లపురుగులను తింటుందని గమనించారు. అలాగని మీ తోటలో చీడపురుగులన్నిటినీ ఇవే ఆపుతాయని చెప్పను, కానీ ఉంటే మేలే.

ఆ వాసన, ఆ ఊగడం శత్రువును బెదరగొట్టడానికే. మరీ చిక్కితే ఒక కాలు వదిలేసి పారిపోతుంది. తెగిన కాలు కాసేపు కొట్టుకుంటుంటే పక్షి దృష్టి అటు పోతుంది. కాలు మళ్లీ మొలవదు. అందుకే పిల్లల్ని వాటి కాళ్లు పీకి ఆడుకోనివ్వకండి. ఎర్రటి చుక్కలు చాలావరకు వాటిని పట్టుకుని బతికే నల్లి (మంచం నల్లి కాదు, మైట్ అనే చిన్న జీవి) పిల్లలే. అవి మీ పంటకు పాకవు.

మొదళ్లలో రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టకండి, వీటికి అదే ఇల్లు. మీరు టెన్షన్ పడాల్సింది కాండం తొలిచే తెల్ల పురుగు గురించి. మార్చిలో, సెప్టెంబర్‌లో అరబికా రకం కాఫీ మొక్కలన్నీ చూడండి. కాండం మీద ఉబ్బిన గీతలు, పసుపెక్కి వాడిన ఆకులు కనిపిస్తే ఆ మొక్కను పీకి కాల్చేయండి.