గోల్డ్‌ఫిష్ పొట్ట పైకి తిప్పి తేలుతోంది... మందు వేయాలా?

ప్రశ్న: మా ఇంట్లో 60 లీటర్ల అక్వేరియంలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. వాటిలో గుండ్రటి ఒరాండా చేప వారం రోజులుగా మేత తిన్న కాసేపటికి పొట్ట పైకి తిరిగిపోయి నీటి మీద తేలుతోంది. రెక్కలు గట్టిగా కొట్టుకుంటూ కిందికి దిగుతుంది, ఆపగానే మళ్లీ పైకి వచ్చేస్తుంది. రోజుకు మూడుసార్లు నీటిపై తేలే గుళికల మేత వేస్తున్నాం. నాలుగు రోజులకోసారి నీళ్లన్నీ తీసేసి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా కడిగి, కొత్త నీళ్లు పోస్తున్నాం. మిగతా మూడూ బాగానే ఉన్నాయి గానీ, పొద్దున్నే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. యాంటీబయోటిక్ పొడి కలపమని ఒకరు చెప్పారు. కలపమంటారా? ఈ జబ్బు మిగతావాటికి అంటుకుంటుందా?

జవాబు: ఆ పొడి ఇప్పుడే కలపకండి. ఈ రోజు నుంచి రెండు మూడు రోజులు అన్నింటికీ మేత పూర్తిగా ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద గోల్డ్‌ఫిష్‌కు అన్ని రోజులు తిండి లేకపోయినా ఏమీ కాదు.

ఒరాండా సంగతికి వస్తాను. మీ ఉత్తరం చదివాక నాకు దానికంటే ఎక్కువ టెన్షన్ కలిగింది మిగతా మూడింటి గురించే. ట్యాంకులోని చేపలన్నీ కలిసి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే, తప్పు నీటిలో ఉన్నట్టే అనుకోవాలి. ఆక్సిజన్ తగ్గి ఉండాలి, లేదా అమ్మోనియా, నైట్రైట్ పెరిగి మొప్పలు దెబ్బతింటూ ఉండాలి. రెండూ జరుగుతుండవచ్చు కూడా.

మీరు శుభ్రత కోసం చేస్తున్న పనే ఇక్కడ ఇబ్బంది తెస్తోంది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి, మిగిలిపోయిన మేత కుళ్లినా అదే పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంత ప్రమాదం లేని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది ఆ స్పాంజిలోనే. కొత్త ట్యాంకులో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు నాలుగు రోజులకోసారి క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో వాటిని కడిగేస్తున్నారు. అంటే మీ ట్యాంకు ఎప్పటికీ కొత్త ట్యాంకుగానే ఉండిపోతోంది. నీళ్లు అద్దంలా మెరుస్తున్నా అందులో అమ్మోనియా ఉండవచ్చు, అది కంటికి కనిపించదు.

అక్వేరియం షాపుల్లో దొరికే టెస్ట్ కిట్‌తో చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. నైట్రేట్ లీటరుకు 40 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. మొదటి రెండింట్లో ఏది కనిపించినా రోజూ నాలుగో వంతు నీళ్లు తీసి, క్లోరిన్ తొలగించే మందు కలిపిన నీళ్లు పోయండి. కొత్త నీటి వేడి ట్యాంకు నీటితో సమానంగా ఉండాలి. స్పాంజిని ఆ తీసిన నీటిలోనే రెండుసార్లు పిండి వెంటనే ఫిల్టర్‌లో పెట్టేయండి. అది గోధుమ రంగులో, జిగటగా ఉంటే ఉండనివ్వండి. ఎయిర్ పంపు రాత్రంతా నడవాలి. నైట్రైట్ కనిపిస్తే లీటరుకు 1 గ్రాము చొప్పున అయోడిన్ లేని ఉప్పు కరిగించి పోయవచ్చు. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల గుండా లోపలికి పోనివ్వదు. గోల్డ్‌ఫిష్ ఈ ఉప్పును తట్టుకుంటుంది, నీటి మొక్కల్లో కొన్ని తట్టుకోవు.

ఇంకో మాట, నొచ్చుకోకండి. 60 లీటర్ల నీళ్లు ఒక్క గుండ్రటి గోల్డ్‌ఫిష్‌కే బొటాబొటి. నాలుగింటిని అందులో ఉంచితే ఎంత జాగ్రత్తపడినా నీళ్లు నిలకడగా ఉండవు.

ఇక ఒరాండా. చేప కడుపులో వెన్నెముక కింద గాలితిత్తి ఉంటుంది. చేప మునగాలా, తేలాలా అన్నది అందులోని గాలిని బట్టే. గోల్డ్‌ఫిష్‌లో దీనికి రెండు అరలు, అన్నవాహిక దాకా ఒక సన్నటి గొట్టం ఉంటాయి. ఒరాండా, రాంచు, ర్యూకిన్ లాంటి రకాల్ని పొట్టిగా, బొద్దుగా ఉండేలా తరతరాలుగా ఎంచి పెంచారు. పేగులు, గాలితిత్తి అన్నీ ఆ చిన్న పొట్టలోనే ఇరుక్కుని ఉంటాయి. పేగు ఉబ్బితే తిత్తి నొక్కుకుపోయి చేప తూకం తప్పుతుంది. దానికి తోడు తేలే గుళికల్ని అందుకునేటప్పుడు గాలి కూడా మింగుతుంది. మీ చేప మేత తిన్నాకే తేలుతోందని రాశారు, అది మంచి ఆనవాలు. ముందుగా అనుమానించాల్సింది తిండినే.

మేత ఆపిన తర్వాత, పచ్చి బఠాణీని మెత్తగా ఉడికించి, తొక్క తీసి, చిన్న ముక్క చిదిమి ఒకటి రెండు రోజులు పెట్టండి. బఠాణీ మందేమీ కాదు, పీచు ఉన్న తిండి, అంతే. మలబద్ధకం ఉంటే మలం కదులుతుంది. (ఇదే సలహా ఫైటర్ చేపకు పనికిరాదు. అది మాంసాహారి, దానికి డాఫ్నియా అనే చిన్న నీటి పురుగుల్ని పెట్టాలి.) ఆ తర్వాత మునిగే గుళికల్ని కాసేపు నానబెట్టి, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే వేయండి. నీళ్లు మరీ చల్లగా ఉంటే అరుగుదల మందగిస్తుంది. ఈ రకాలకు 20 నుంచి 23 డిగ్రీలు నప్పుతాయి. పెంచాల్సి వస్తే రోజుకు ఒకటి రెండు డిగ్రీలకు మించకండి.

పొట్ట నీటి పైకి తేలి ఉన్నచోట చర్మం ఎండిపోయి ఎర్రబడుతుంది, అక్కడే పుండు పడుతుంది. రోజూ గమనించండి. పొట్ట నొక్కి గాలి తీయడం, సూది గుచ్చడం లాంటివి ఇంట్లో అస్సలు చేయకండి.

ఈత తేడాగా ఉన్న ప్రతి చేపదీ గాలితిత్తి జబ్బు కాదు. ఒళ్లు రాళ్లకు రుద్దుకుంటుంటే మొప్పల్లో, చర్మం మీద పరాన్నజీవులు ఉన్నాయేమో చూడాలి; ఉప్పు గింజల్లాంటి తెల్లచుక్కలు కనిపిస్తే అది తెల్లచుక్క వ్యాధి. మోలీ చేప ఉన్నచోటే ఉండి ఒళ్లు ఊపుతుంటే నీటిలో ఖనిజాలు తక్కువై ఉండవచ్చు. పొట్ట ఉబ్బి పొలుసులు లేచి నిలబడితే అది జలోదరం, కోలుకోవడం కష్టం. కొన్ని చేపలకైతే వింత ఈతే సహజం. తలకిందులుగా ఈదే క్యాట్‌ఫిష్ పుట్టుకే అంత, క్లౌన్ లోచ్ పక్కకు ఒరిగి పడుకుంటుంది. వాటికి వైద్యం చేయబోయి చంపుకున్నవాళ్లు లేకపోలేదు.

యాంటీబయోటిక్ ఎందుకు వద్దన్నానంటే, అది ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాకూ హాని చేయవచ్చు, అప్పుడు మళ్లీ అమ్మోనియా పెరుగుతుంది. చేప మేత మానేసి, రెక్కలు ముడుచుకుని, ఒంటి మీద ఎర్రచారలు కనిపిస్తే ఇన్ఫెక్షన్ అనుకోవచ్చు. అప్పుడు పశువైద్యుడు ఏ మందు, ఎంత మోతాదు అన్నది చెప్పాకే వాడండి. పది రోజులైనా ఒరాండా తీరు మారకపోతే ఎక్స్‌రే తీయించడం మంచిది, గాలితిత్తి అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మూత్రపిండాలు ఉబ్బి తిత్తిని పక్కకు నెట్టేసే జబ్బు కూడా గోల్డ్‌ఫిష్‌లో ఉంది, దానికి బఠాణీ ఏమీ చేయలేదు.

అంటుకుంటుందా అని అడిగారు. తిండి వల్ల వచ్చిన తేలుడు అంటుకోదు. నీళ్లు చెడి వచ్చినదైతే అంటుకోవాల్సిన పనే లేదు, నాలుగూ అవే నీళ్లలో ఉన్నాయి కదా. అందుకే కిట్ తెచ్చి పరీక్షించే దాకా ఆగకుండా, ఈ రోజే నాలుగో వంతు నీళ్లు మార్చి ఎయిర్ పంపు పెట్టండి. రేపు పొద్దున ఆ మూడూ ఇంకా పైనే నోళ్లు తెరుస్తుంటే, మరో నాలుగో వంతు మార్చండి.