అక్షరం ఎక్కడి నుంచి వస్తుంది

విశాఖపట్నం

అమ్మా,

నీ కవితల్ని ముందు కళ్ళతో చదివాను, తర్వాత గొంతెత్తి చదివాను. గొంతుకు తగిలిన సంగతులే ఈ ఉత్తరంలో ఎక్కువగా ఉంటాయి.

‘మేఘాల మేడలో మెరిసే మౌన మందారం మా నాన్న’ అని రాశావు. మీ నాన్నగారు పోర్టులో రాత్రి డ్యూటీ చేసి తెల్లవారుజామున ఇంటికి వస్తారని ఆ తర్వాతి పాదాల్లో తెలుస్తుంది. మరి ఆయన మందారం ఎందుకయ్యారు? ఆ పువ్వుకీ ఆయనకీ పోలిక ఎక్కడైనా దొరుకుతుందేమోనని కవితంతా వెతికాను, కనబడలేదు. మకారం పిలిచింది, మందారం పలికింది. మేడ కూడా అలా వచ్చిందే. ఒకే హల్లు మళ్ళీమళ్ళీ వస్తే వృత్త్యనుప్రాస అని బడిలో చదువుకున్నావు. నిర్వచనం సరైనదే. కానీ ఆ హల్లు ఎక్కడి నుంచి రావాలో నిర్వచనం చెప్పదు. ఇన్నేళ్ళు రాశాక నాకు మిగిలిన అసలు ప్రశ్న అది.

పోతన గజేంద్రమోక్షంలో లక్ష్మీదేవిని చూడు. ఏనుగు మొర వినగానే విష్ణువు ఆమెకు ఒక్క మాటైనా చెప్పకుండా బయలుదేరాడు. ఆమె వెంట నడుస్తోంది. సంగతేమిటో అడుగుదామని గబగబా ముందుకు వెళ్తుంది. అడిగినా బదులు చెప్పడేమోనని ఆగిపోతుంది. ‘అడిగెద నని కడువడిఁ జను, నడిగినఁ దను మగుడ నుడుగఁడని నడ యుడుగున్’. పైకి అని చూడు. డ అనాలంటే నాలుక వెనక్కి మడతపడి అంగిలిని తాకాలి, ఒక క్షణం ఆగి విడివడాలి. ఆవిడ తడబాటు నీ నోట్లో జరుగుతుంది. ఇంతవరకూ అందరూ చెప్పేదే. నేను నీకు చూపించాలనుకున్నది దాని వెనక ఉంది. ఆ డకారాన్ని పోతన వెతికి తేలేదు. అడగడం, అడుగు వేయడం, నడక, వడి, తడబడడం, ఆ సన్నివేశానికి కావలసిన మాటలన్నిట్లోనూ డకారం ముందే కూర్చుని ఉంది. ఆయన దాన్ని విన్నాడు, విని దారిచ్చాడు.

9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ఈ సంగతికి లక్షణం రాశాడు. రసంలో నిమగ్నుడైన కవికి విడిగా ప్రయత్నం అక్కర్లేకుండా సిద్ధించేదే అలంకారం అన్నాడు. ‘అపృథగ్యత్న నిర్వర్త్యః’ అన్నది ఆయన మాట. విరహం రాసేటప్పుడు యమకాల జోలికి, అంటే అవే అక్షరాల గుంపును వేరే అర్థంతో మళ్ళీ తేవడం జోలికి, పోవద్దని కూడా హెచ్చరించాడు. ఆ హెచ్చరిక నాకెంతో ఇష్టం. ఎడబాటుతో కుమిలిపోతున్న మనిషి అక్షరాలు జత చేసుకుంటూ కూర్చుంటే ఆ బాధను ఎవరు నమ్ముతారు?

కాబట్టి నా పద్ధతి చెబుతాను. మొదట ఏ సొగసూ లేకుండా వస్తువుల పేర్లు రాసుకో. కెరటం వెనక్కి వెళ్ళడం గురించి రాయాలనుకో. ఇసుక, సముద్రం, నురగ, తడి, జారడం. ఇసుకలోనూ సముద్రంలోనూ సకారం ఉంది. రామకృష్ణా బీచ్‌లో కెరటం వెనక్కి తగ్గేటప్పుడు వినిపించేది కూడా ఇంచుమించు ఆ శబ్దమే. ‘ఇసుకలోంచి సముద్రం సన్నగా జారుకుంటోంది’. ‘సన్నగా’ ఒక్కటి నేను కలిపాను. అక్కడితో ఆపాను. ‘సుతారంగా, సరసంగా’ అని ఇంకో రెండు తెచ్చి ఉంటే కెరటం పోయి నా నేర్పు మిగిలేది. అదే కెరటం కైలాసగిరి కింద రాళ్ళకు కొట్టుకుంటే ఈ సకారం పనికిరాదు. అక్కడ టకారాలు, ఒత్తులు, ద్విత్వాలు కావాలి. క, చ, ట, త, పలకు మనవాళ్ళు పరుషాలని పేరు పెట్టారు, గ, జ, డ, ద, బలకు సరళాలని పెట్టారు. ఆ పేర్లు పెట్టినవాళ్ళు అక్షరాల్ని నాలుక మీద పెట్టుకుని చూసినవాళ్ళు. నువ్వూ చూడు.

తెలుగులో జంటపదాల సంపద ఎంత ఉందో గమనించావా? గంట గణగణ, పిచ్చుక కిచకిచ, వదులైన చక్రం లొడలొడ. చప్పుడు ఉన్నవాటికి చప్పుడు ఇవ్వడంలో వింత లేదు. మనం చప్పుడు లేని వెలుగుకు కూడా చప్పుడు ఇచ్చాం. నక్షత్రం మిలమిల, తోమిన గిన్నె తళతళ, బంగారం ధగధగ, నూనె రాసిన నల్లటి జడ నిగనిగ. అచ్చుల్ని చూడు. మిలమిల అన్నప్పుడు ఇకారంతో నోరు సన్నబడుతుంది, దూరాన ఉన్న చిన్న వెలుగు. తళతళకు నోరు తెరుచుకుంటుంది, వెలుగు వెడల్పవుతుంది. ధగధగలో ఒత్తు ఊపిరి తోస్తుంది, దాంతో వేడి వస్తుంది. లైట్‌హౌస్ వెలుగు మీద నీకొక కవిత ఉంది, అందులో ‘ధగధగ’ వాడావు. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నుంచి రాత్రి సముద్రం మీదకి తిరిగే ఆ దీపం ధగధగలాడుతుందా? ఓ సాయంత్రం బీచ్‌లో కూర్చుని, నీ కంటికి అది ఏ అచ్చుతో కనిపిస్తోందో చూసి మళ్ళీ రాయి. ఒక కవితలో ఇలాంటి జంట ఒకటి చాలు. రెండోది వస్తే మొదటిది వెలవెలబోతుంది.

పాదాల చివర ప్రాస కోసం నువ్వు పడ్డ శ్రమ చూస్తే బాధ వేసింది. నవ్వింది, వెళ్ళింది, పాడింది, మిగిలింది. ఇక్కడ కలిసింది వ్యాకరణం. మన క్రియలు చాలావరకు -ింది, -ాడు, -ారు అని ముగుస్తాయి కాబట్టి చివరి జత తెలుగులో అడగకుండానే దొరుకుతుంది, అందుకే చెవి దాన్ని లెక్కచేయదు. మన పద్యం ప్రాసను పాదం మొదట్లో, రెండో అక్షరంలో పెట్టింది. యతిని పాదం మధ్యలో పెట్టింది. ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వ అక్షరం మొదటి అక్షరంతో మైత్రి పాటించాలి. నువ్వు వచనకవితే రాయి, నేనేమీ అనను. కానీ ఈ చెవి పండితుల సొత్తని అనుకోకు. ‘ఆలు లేదు చూలు లేదు’ అన్నప్పుడు రెండో అక్షరం కలుస్తుంది, ‘కూటికి పేదైతే కులానికి పేదా’ అన్నప్పుడు క, క కలుస్తాయి. సామెతల్ని ఈ దృష్టితో చదువు, శబ్దం మాటకి మేకు ఎలా కొడుతుందో తెలుస్తుంది.

మన యాసను కూడా దిద్దేస్తున్నావు. మీ అవ్వ మాటల్లో ‘వచ్చేశాడు’ అని రాశావు. ఆవిడ అలా అనదు, ‘వచ్చీసినాడు’ అంటుంది. మధ్యలో సాగే ఆ ‘చ్చీ’లో ఎదురుచూపు ఎంతసేపు సాగిందో ఉంది. దాన్ని పత్రికల భాషలోకి మార్చావంటే చేతులారా ఒక శబ్దాలంకారాన్ని చెరిపేసినట్టే. వీలైతే ఓ ఆదివారం మీ నాన్నగారితో ఫిషింగ్ హార్బరుకు పొద్దున్నే వెళ్ళు. కవ్వళ్ళు, కానాగంతలు, వంజరం అంటూ చేపల వేలంపాట జరుగుతున్నప్పుడు మాట ఎక్కడ ఎత్తుతారో, ఎక్కడ సాగదీస్తారో విను. అక్కడ పుస్తకం తీసి రాసుకోకు.

ఇక పోలికలు. ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. ఇందులో సమానధర్మం, అంటే రెంటికీ ఉమ్మడిగా ఉన్న గుణం గురించే నీకు చెప్పాలి. కొత్తగా రాసేవాళ్ళు దాన్ని పాఠకుడి చేతిలో పెట్టేస్తారు, ‘సముద్రంలా లోతైన ప్రేమ’ అని. లోతు అని చెప్పేశాక సముద్రానికి అక్కడ పనేముంది? మీ అవ్వ మీద ఇలా ఒక పాదం రాస్తే ఎలా ఉంటుందో చూడు: ‘ఎర్రమట్టి దిబ్బల మీద వాన కోసిన చారలు అవ్వ ముఖం’. ‘లా’ కూడా తీసేశాను, రూపకమైంది. మొదట ముడతలు కనిపిస్తాయి. కాసేపటికి, ఆ చారలు కోసింది నీళ్ళు కదా అని తడుతుంది. ఏ నీళ్ళు? ఆ తర్వాత ఎండ, రంగు, ఇంకొన్ని వానలకు ఆ దిబ్బలు ఏమవుతాయో అన్న భయం. భీమిలి దారిలో ఆ దిబ్బల్ని చూసినవాళ్ళకి ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి తడతాయి. చూడనివాళ్ళకి కూడా వాన, కోత అర్థమవుతాయి. ఒక్క పోలికతో ఆగిపోయే ఉపమ కంటే ఇలా లోపలికి తీసుకెళ్ళేదాని కోసం కాచుకో.

హుద్‌హుద్ కవితలో ‘కెరటాల కరాళ నృత్యం’ కొట్టెయ్యి. ప్రతి తుఫానుకీ ప్రతి పత్రికా వాడే రూపకం అది, అందులో ఎవరూ నర్తించరు. 2014 అక్టోబరు 12న నువ్వు ఈ ఊళ్ళోనే ఉన్నావు, చిన్నపిల్లవి. తలుపు గడియ ఎలా మోగిందో, ఇంట్లో ఎవరు ఏ గది మూల కూర్చున్నారో నీకు గుర్తుండే ఉంటుంది. అది రాయి. ఆ కవితలోనే ‘తెల్లారి చూస్తే మా వీధిలో నీడ లేదు’ అని ఒక పాదం ఉంది. దాన్ని ముట్టుకోకు. అందులో ఉపమ లేదు, అనుప్రాస లేదు. చెట్లు కూలాయని కూడా అనలేదు, అయినా ఊరంతా కనిపించింది. ఉన్నది ఉన్నట్టు చెప్పే స్వభావోక్తిని సంస్కృత ఆలంకారికుడు దండి అలంకారాల్లో మొట్టమొదటిదిగా లెక్కపెట్టాడు. నీకది సహజంగా వస్తోంది, మిగతా కవితల్లో దాన్నే తొక్కిపెడుతున్నావు.

నాన్నగారి కవిత, తుఫాను కవిత, ఈ రెండూ ముందు తిరగరాసి పంపు. పాత ప్రతులు చించెయ్యకు, వాటినీ జతచెయ్యి. మందారం తీసేసిన చోట ఏం పెట్టావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో