ఫార్ములా ఈ పోటీని రేసు రోజు మధ్యాహ్నం మాత్రమే చూస్తే సరిపోతుందా? హైదరాబాద్ రేసు చూసిన అనుభవంతో నా సమాధానం

విదేశంలో జరిగే ఫార్ములా ఈ (విద్యుత్ కార్ల రేసు) పోటీకి వెళ్లాలనుకుంటున్నామని, ప్రాక్టీసుకూ, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫైయింగ్‌కూ కూడా సమయం కేటాయించాలా లేక అసలు రేసు చూస్తే చాలా అని, హైదరాబాద్‌లో చూసినవారు చెప్పమని మీరు అడిగారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన రేసును, దానికి ముందు రోజు సాయంత్రం మొదలైన ప్రాక్టీసుతో సహా చూసినవాడిగా చెబుతున్నాను: వీలుంటే మొత్తం చూడండి. ఏదో ఒకటి వదులుకోక తప్పకపోతే ప్రాక్టీసును వదులుకోండి గాని, క్వాలిఫైయింగ్‌ను మాత్రం వదలకండి.

అలాగని ప్రాక్టీసు వృథా కాదు. ఎన్టీఆర్ మార్గ్, నెక్లెస్ రోడ్డు, లుంబిని పార్కు, సచివాలయం పరిసరాలను కలుపుతూ సుమారు 2.8 కిలోమీటర్ల పొడవున, 18 మలుపులతో వేసిన ఆ ట్రాక్, మామూలు రోజుల్లో ఆటోలూ ఆర్టీసీ బస్సులూ తిరిగే రోడ్డే. అలాంటి రోడ్డు మీద మొదటి రౌండ్లలో దుమ్ము లేస్తుంది, టైర్లకు పట్టు దొరకదు. కార్లు తిరిగే కొద్దీ ఒక గీత మీద మాత్రం రోడ్డు నల్లబడుతూ, శుభ్రపడుతూ వస్తుంది. ఆ గీత నుంచి పక్కకు జరిగితే ఎంత నష్టమో ప్రాక్టీసులోనే కళ్లకు కడుతుంది. మరునాడు రేసులో ఒక డ్రైవరు మరొకరిని దాటడానికి ఎందుకు అంతగా వెనకాడుతున్నాడో, దాటాలనుకున్నవాడు కాంక్రీటు గోడలకు అంత దగ్గరగా ఎందుకు వెళ్లవలసి వస్తోందో అర్థం కావాలంటే, ఆ ముందు రోజు సాయంత్రం చూసినది పనికివస్తుంది.

శబ్దం విషయంలో చాలామందికి అపోహ ఉంది. విద్యుత్ కారు కాబట్టి నిశ్శబ్దంగా పోతుందని అనుకుంటారు. మోటారు కీచుమనే శబ్దం దూరం నుంచే వినిపిస్తుంది. అయితే ఇంజిను మోత లేనందువల్ల, పెట్రోలు కార్ల రేసులో ఎన్నడూ చెవిన పడని సంగతులు ఇక్కడ వినవచ్చు: మలుపులో టైర్లు రోడ్డును ఒరుసుకునే చప్పుడు, కారు అడుగుభాగానికి చిన్న రాళ్లు తగిలి టకటకలాడడం, బ్రేకు పడగానే మోటారు స్వరం ఒక్కసారిగా మారడం. ఆ స్వరం మారడంలోనే ఈ ఆటంతా ఉందని నా అభిప్రాయం. ఆ ఏడాది కొత్తగా వచ్చిన మూడో తరం కారులో వెనుక చక్రాలను నెమ్మదింపజేసే పని మోటారుదే. అలా వేగం తగ్గినప్పుడల్లా విద్యుత్తు తిరిగి బ్యాటరీలోకి చేరుతుంది. రేసులో ఖర్చయ్యే శక్తిలో దాదాపు 40 శాతం ఈ విధంగానే సమకూరుతుందని నిర్వాహకులు చెబుతారు.

ఇక రేసు రోజు ఉదయం జరిగే క్వాలిఫైయింగ్. డ్రైవర్లు (హైదరాబాద్‌లో ఇరవై రెండు మంది) రెండు బృందాలుగా ఏర్పడి పరుగు తీస్తారు. ఒక్కో బృందంలో మొదటి నలుగురు ముందుకు వెళతారు. అక్కడి నుంచి ఇద్దరిద్దరికి ముఖాముఖి పోటీ: క్వార్టర్ ఫైనల్, సెమీ ఫైనల్, ఫైనల్. ఒకరి తరువాత ఒకరు కొద్ది వ్యవధిలో బయలుదేరి ఒక్క ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) తిరుగుతారు, తక్కువ సమయం తీసుకున్నవారు గెలుస్తారు. బృందాల దశలో 300 కిలోవాట్లు ఉండే మోటారు గరిష్ఠ శక్తి ఇక్కడ 350 అవుతుంది. శక్తిని పొదుపు చేయవలసిన అవసరం లేకుండా ఈ కారు ఎంత వేగంగా పోగలదో బాగా చూపించే ఘట్టం ఇది. హైదరాబాద్‌లో ఫైనల్ జాగ్వార్ డ్రైవరు మిచ్ ఇవాన్స్‌కూ, డీఎస్ పెన్స్కే తరఫున పాల్గొన్న ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్‌కూ మధ్య జరిగింది. తెర మీద ఇద్దరి సమయాలూ దాదాపు కలిసిపోయి వస్తుంటే, గ్యాలరీలో అప్పటిదాకా ఎవరు ఏ జట్టో తెలియని వాళ్లు కూడా లేచి నిలబడ్డారు. వెంట్రుకవాసి తేడాతో ఇవాన్స్ గెలిచి మొదటి స్థానం నుంచి బయలుదేరే హక్కు దక్కించుకున్నాడు.

మధ్యాహ్నం రేసు మొదలయ్యాక అవే కార్లు అంతకంటే నెమ్మదిగా తిరుగుతాయి. ఉదయం చూడనివారికి ఇది నిరాశ కలిగించవచ్చు. చూసినవారికి మాత్రం, అందరూ బ్యాటరీలో ఉన్న శక్తిని దాచుకుంటున్నారని, మలుపుకు చాలా ముందే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి కారును దొర్లనిస్తున్నారని తెలిసిపోతుంది. శక్తి పొదుపు వల్ల రేసు చప్పబడుతుందనే విమర్శను నేను ఒప్పుకోను. ఎవరి దగ్గర ఎంత మిగిలిందన్న లెక్కే ఇక్కడ ఉత్కంఠకు మూలం.

ఆ రోజు జాగ్వార్ కథ, కారు దాదాపు వెనక్కి తిరిగే హెయిర్‌పిన్ మలుపులో ముగిసింది. సామ్ బర్డ్ కారు అదుపు తప్పి సొంత జట్టు సహచరుడైన ఇవాన్స్‌నే ఢీకొట్టడంతో రెండు కార్లూ పోటీ నుంచి తప్పుకున్నాయి. చివరి ల్యాపుల్లో వెర్న్ ముందున్నాడు, ఎన్విజన్ డ్రైవరు నిక్ క్యాసిడీ అతని వెన్నంటి ఉన్నాడు. ఎన్విజన్ కార్లను నడిపేది కూడా జాగ్వార్ మోటారే కావడం గమనించవలసిన విషయం. క్యాసిడీ దగ్గర ఎక్కువ శక్తి మిగిలి ఉంది. వెర్న్ మాత్రం ఎక్కడ బ్రేకు వేయాలో, ఏ మలుపులో దారి మూసేయాలో ఎంచుకుంటూ, అర సెకను కూడా లేని తేడాతో గెలిచాడు. రెండుసార్లు ఫార్ములా ఈ ఛాంపియన్ ఎందుకయ్యాడో ఆ పది నిమిషాల్లో తెలిసింది. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బుయెమీకి అనుమతించిన కిలోవాట్ల పరిమితిని దాటినందుకు జరిమానా పడి, ఆ స్థానం పోర్షే డ్రైవరు ఆంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది. అది డ కోస్టాకు నూరవ ఫార్ములా ఈ రేసు.

మీరు ఇప్పుడు వెళితే కొన్ని మార్పులు కనిపిస్తాయి. 2025 నుంచి కొన్ని రేసుల్లో కారు ట్రాక్ పక్కన జట్లు ఉండే చోటైన పిట్‌లో 30 సెకన్లు ఆగి 10 శాతం అదనపు శక్తి ఎక్కించుకునే పద్ధతి వచ్చింది. హైదరాబాద్‌లో 2024 ఫిబ్రవరికి ప్రకటించిన రెండో రేసు రద్దయిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. అందుకే మనవాళ్లు ఇలా వేరే దేశాలకు వెళ్లవలసి వస్తోందని నిజంగా బాధగా ఉంటుంది.

సీటు విషయంలో ఒక మాట. ఖరీదు ఎక్కువైనా సరే అని స్ట్రెయిట్ (మలుపులు లేని తిన్నని దారి) మధ్యలో కూర్చోకండి. అక్కడ కార్లు రెప్పపాటులో దాటిపోతాయి. పొడవైన స్ట్రెయిట్ ముగిసి బ్రేకు వేసే చోట, పెద్ద తెర కనిపించేలా సీటు తీసుకోండి. తెర మీద డ్రైవరు పేరు పక్కన మిగిలిన శక్తి శాతం కనిపించినప్పుడల్లా ముందున్నవారి అంకెనూ, వెనకున్నవారి అంకెనూ పోల్చి చూసుకోండి. ఇద్దరి మధ్య రెండు మూడు శాతం తేడా ఉంటే, ఎదురుగా ఉన్న ఆ మలుపులోనే దాటే ప్రయత్నం జరిగే అవకాశం ఎక్కువ.