బయటికి ఒకేలా ఉండే బిజినెస్ జెట్‌కీ, మామూలు 737కీ తేడా ఏమిటి?

ప్రశ్న: విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు మనం ఎక్కే బోయింగ్ 737, వీఐపీల కోసం వాయుసేన నడిపే బీబీజే (బోయింగ్ బిజినెస్ జెట్) చూడ్డానికి ఒకటే. లోపల సోఫాలు వేస్తే సరిపోతుందా?

సోఫాలు చివరి పని. అసలు తేడా సామాన్లు పెట్టే కింది అరలో ఉంటుంది. విమానంలో వందమందికి పైగా ఎక్కితే వాళ్ల సూట్‌కేసులకి చోటు కావాలి. పదిహేను, ఇరవై మందే అయితే ఆ చోటు చాలావరకు ఖాళీనే. అక్కడ అదనపు ఇంధన ట్యాంకులు బిగిస్తారు. 737లో ఒక మోడల్ అయిన మామూలు 737-700 సుమారు ఆరు వేల కిలోమీటర్లు వెళ్తే, దాని మీద తయారైన మొదటి బీబీజే సుమారు 11 వేలు వెళ్తుంది. అంటే విశాఖలో బయల్దేరి మధ్యలో ఎక్కడా దిగకుండా లండన్ చేరొచ్చు.

అయితే అంత ఇంధనం నింపితే బరువు పెరుగుతుంది కదా! అందుకే 700 బాడీకి, కాస్త పెద్దదైన 737-800 రెక్కలు, చక్రాల గేర్ తగిలించారు. బాడీ చిన్నది, కాళ్లు గట్టివి అన్నమాట.

మెట్లు చాలావాటిలో విమానంలోనే మడిచి ఉంటాయి, చిన్న ఎయిర్‌పోర్టులో నిచ్చెన బండి కోసం ఎదురుచూసే టెన్షన్ ఉండదు. ఇంటీరియర్ మాత్రం సాధారణంగా బోయింగ్ చేయదు. ఖాళీ డొల్లలాంటి విమానాన్ని అప్పగిస్తే, బెడ్‌రూమ్, షవర్, మీటింగ్ గది లాంటివి వేరే కంపెనీలు నెలల తరబడి అమరుస్తాయి. ఖర్చు ఎక్కువగా పెరిగేది ఇక్కడే.

ఎయిర్‌బస్ కంపెనీ బిజినెస్ జెట్ ఏసీజే319 కూడా ఇదే పద్ధతి: వాళ్ల మామూలు ప్రయాణికుల విమానం ఏ319కి అదనపు ట్యాంకులు.