చిన్న ఫౌండ్రీకి కెవ్లార్ తొడుగులు, కొత్త హోసులు, గ్యాస్ సెన్సర్లు: ఏది ముందు కొనాలి?

పన్నెండు మంది పనిచేసే మీ ఫౌండ్రీకి, అంటే లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసే కర్మాగారానికి, కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతో చేసిన చేతి తొడుగులు, అల్యూమినియం పూత కోట్లు, పీడనంతో నూనెను మోసే కొత్త రకం హైడ్రాలిక్ హోసులు, గ్యాస్ సెన్సర్లు కొనమని సరఫరాదారు ఒకరు ఒత్తిడి చేస్తున్నారని, ఇవన్నీ నిజంగా పనికొస్తాయో లేదో, డబ్బు పరిమితంగా ఉన్నప్పుడు మొదట దేనిమీద పెట్టాలో వాడినవారు చెప్పాలని మీరు అడిగారు. నేను హైదరాబాదు శివార్లలోని ఒక పోత ఇనుము కర్మాగారంలో 19 ఏళ్లు మెయింటెనెన్స్ విభాగంలోను, ఆ తరువాత 6 ఏళ్లు భద్రతా విభాగంలోను పనిచేశాను. మీరు చెప్పిన నాలుగూ మా చేతుల్లో పనిచేశాయి, నాలుగూ మా చేతుల్లోనే పాడయ్యాయి కూడా. సరఫరాదారు ఇవి ఎలా పనిచేస్తాయో చెబుతారు గాని ఎలా చెడిపోతాయో చెప్పరు. అందుచేత నేను ఎక్కువగా ఆ రెండవ సంగతే రాస్తాను.

నేను అందరికన్న ఎక్కువగా మోసపోయింది సెన్సరు విషయంలో కనుక దానితోనే మొదలుపెడతాను. మా దగ్గర కరిగిన ఇనుమును పట్టే లేడిళ్లను ముందుగా ఎల్పీజీ బర్నర్లతో వేడిచేసేవారు. ఎల్పీజీ గాలికన్న బరువైనది, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అందువల్ల డిటెక్టరును నేలకు జానెడు ఎత్తులో బిగించారు. దాని తెరమీద రోజూ సున్నా కనిపించేది, మేము షిఫ్టు రిజిస్టరులో రోజూ సున్నా అని రాసి సంతకం పెట్టేవాళ్లం. దాదాపు ఏడాది గడిచాక కాలిబ్రేషన్ కోసం, అంటే కొలత సరిగా ఉందో లేదో చూడడానికి, వచ్చిన టెక్నీషియన్ ఒక చిన్న సిలిండరు తీసి, పేలుడుకు కావలసిన కనిష్ఠ గాఢతలో సరిగ్గా సగం ఉండే టెస్ట్ గ్యాస్‌ను డిటెక్టరు మూతిమీద వదిలారు. ఆ కనిష్ఠాన్ని 100గా లెక్కించే తెరమీద అంకె 50కి చేరాలి. అది 3 దాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. ఏడాదిపాటు మేము రాసుకున్న సున్నాలు గ్యాస్ లేదని చెప్పినవో, సెన్సరు చచ్చిపోయిందని చెప్పినవో ఇప్పటికీ నేను చెప్పలేను.

కారణం తెలుసుకోవాలంటే ఆ సెన్సరు లోపల ఏముందో చూడాలి. దీనిని పెల్లిస్టర్ అంటారు. బొగ్గు గనుల్లో మీథేన్ వాయువును పసిగట్టడానికి ఇంగ్లండులో రూపొందిన పరికరం ఇది. వెంట్రుకంత సన్నని ప్లాటినం తీగ చుట్టను ఆవగింజంత అల్యూమినా పూసలో పొదిగి, పూస పైన పల్లాడియం వంటి ఉత్ప్రేరకాన్ని పూస్తారు. విద్యుత్తుతో ఆ పూస సుమారు 500 డిగ్రీల వేడిమీద ఉంటుంది. మండే వాయువు దానిని తాకినప్పుడు పూస ఉపరితలం మీదనే మంట లేకుండా దహనమవుతుంది, వేడి పెరుగుతుంది, తీగ నిరోధం మారుతుంది, ఆ మార్పే తెరమీద అంకెగా కనిపిస్తుంది. 1815లో వచ్చిన డేవీ దీపంలో గని కార్మికుడు మంట ఎత్తును కంటితో చూసి చేసిన పనినే ఈ పూస చేస్తున్నదన్నమాట. అయితే సిలికోన్ ఆవిరి దానికి విషం. ఆ ఆవిరి కూడా పూసమీద కాలి, వెనుక సిలికా పొరను వదిలి ఉత్ప్రేరకాన్ని కప్పేస్తుంది. మా డిటెక్టరుకు పదిహేను అడుగుల దూరంలోనే కోర్ షాపు, అంటే పోత లోపలి బోలు భాగాలకు ఇసుక దిమ్మలు చేసే చోటు, ఉండేది, అక్కడ కోర్ పెట్టెకు ఇసుక అంటుకోకుండా రోజుకు పదిసార్లు కొట్టే స్ప్రే డబ్బా మీద సిలికోన్ అనే మాట పెద్ద అక్షరాల్లోనే ఉంది. ఆ రెండింటినీ కలిపి ఆలోచించినవారు మాలో ఒక్కరూ లేరు.

ఇందులోంచి మీకు పనికొచ్చే సంగతులు చెబుతాను. కోర్ షాపు దగ్గరలో ఉంటే ఎల్పీజీకి పరారుణ కాంతితో పనిచేసే డిటెక్టరు తీసుకోండి. దానికి సిలికోన్ విషం అంటదు, ఆక్సిజన్ చాలని చోట కూడా అది పనిచేస్తుంది, అయితే హైడ్రోజన్‌ను మాత్రం గుర్తించలేదు, ధర కూడా ఎక్కువ. పెల్లిస్టర్ రకమే కొంటే టెస్ట్ గ్యాస్ సిలిండరును కూడా దానితోపాటే కొని, క్రమం తప్పకుండా వదిలి చూడండి. అచ్చుల్లో లోహం పోసిన తరువాత ఇసుకను అంటిపెట్టి ఉంచే బైండరు కాలి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, ఎల్పీజీ డిటెక్టరు దానికోసం పెట్టినది కాదు. దానికి జేబుకు తగిలించుకునే ఎలక్ట్రోకెమికల్ రకం, అంటే లోపలి రసాయన చర్యతో వాయువును కొలిచేది, వేరే ఉంటుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం ఆ వాయువుకు 8 గంటల సగటుగా 50 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 50 భాగాలు, పరిమితి విధించింది. పోత పోసే వరుసలో నడిచే మనిషికి ఒక్కటైనా ఇవ్వండి. లోపలి రసాయనం కొన్నేళ్లకు తరిగిపోతుంది కనుక కొన్న తేదీని దాని వెనుక రాసి ఉంచండి.

ఇక హోసులు. సెన్సరు చప్పుడు చేయకుండా చెడిపోతుంది, హోసు మాత్రం ముందుగా గుసగుసలాడుతుంది. దానిని వినడం తెలియకపోతే ప్రమాదం. మా ఫర్నేస్‌ను వంచే సిలిండరుకు వెళ్లే హోసు దగ్గర ఒకరోజు నూనె పొగమంచులా కనిపించింది. నాతో పనిచేసే ఫిట్టరు ఒకరు, నాకన్న అనుభవం ఉన్నవారు, లీకు ఎక్కడుందో చూద్దామని హోసు పొడవునా అరచేతిని జార్చారు. చూపుడు వేలిమీద చీమ కుట్టినట్టయిందన్నారు. చూస్తే సూది మొనంత చుక్క తప్ప ఏమీ లేదు, రక్తం కూడా రాలేదు. ఆ కర్మాగారపు ప్రథమ చికిత్స గదిలో చిన్న గాటు అని రాసి పట్టీ వేసి పంపించారు. సాయంత్రానికి మణికట్టు దాకా వాచిపోయింది. 140 బార్ పీడనం, అంటే మామూలు గాలి పీడనానికి సుమారు 140 రెట్లు, దగ్గర సన్నని రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని కండరాల పొరల మధ్యకు పోతుందని, ఇది గంటల్లో శస్త్రచికిత్స చేయవలసిన గాయమని మాకు ఆ రాత్రి ఆసుపత్రిలో తెలిసింది. చెయ్యి నిలిచింది, ఆ వేలు మళ్లీ వంగలేదు. లీకును వెదకడానికి చేతికి బదులు అట్టముక్క వాడాలి, అదీ దూరంగా నిలబడి. పీడనం దించిన తరువాతనే హోసును ముట్టుకోవాలి. ఈ మాట గోడమీద రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

హోసు అంటే రబ్బరు గొట్టం అనుకుంటాం గాని పీడనాన్ని మోసేది రబ్బరు కాదు. లోపలి నైట్రైల్ రబ్బరు నూనెను ఆపుతుంది, పై పొర ఎండను, రాపిడిని ఆపుతుంది, మధ్యలో జడలా అల్లిన ఉక్కు తీగ అసలు బరువును మోస్తుంది. ఆ అల్లికలో నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటి ఉంది. గొట్టంలో పీడనం పెరిగినప్పుడు గోడను చుట్టూ సాగదీసే ఒత్తిడి, పొడవునా సాగదీసే ఒత్తిడికి రెండింతలు ఉంటుంది. తీగ హోసు అక్షంతో సుమారు 54.7 డిగ్రీల కోణంలో ఉంటే ఆ రెండు ఒత్తిళ్లనూ సరిగ్గా అదే నిష్పత్తిలో మోస్తుంది, హోసు పొడవు మారదు. కోణం అంతకన్న తక్కువైతే హోసు కురచై ఉబ్బుతుంది, ఎక్కువైతే సన్నబడి సాగుతుంది. హోసును మెలితిప్పి బిగించినప్పుడు చెడేది ఈ కోణమే. హోసు పొడవునా అచ్చువేసిన గీత ఒకటి ఉంటుంది. బిగించాక ఆ గీత తిన్నగా కాకుండా చుట్టుకుంటూ కనిపిస్తే విప్పి మళ్లీ బిగించండి. తయారైన త్రైమాసికం, సంవత్సరం ఆ గీతలోనే ఉంటాయి. మాకు ఒకసారి కొత్త సరుకు పేరుతో నాలుగేళ్లు గోదాములో పడున్న హోసు వచ్చింది, ఆ అంకెలు చదివే తిప్పి పంపాము. ఫర్నేస్ పక్కన నడిచే హోసులకు సిలికోన్ పూసిన గాజునార తొడుగు తప్పనిసరి. చిమ్మిన నూనె ఎర్రటి లోహాన్ని తాకితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర లేదు.

కెవ్లార్ గురించి అందరూ చెబుతారు కనుక క్లుప్తంగా రాస్తాను. 1965లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త, టైర్లకు తేలికైన నార కోసం ప్రయోగాలు చేస్తుండగా, మజ్జిగలా పలచగా, మసకగా ఉన్న ద్రావణం ఒకటి తయారైంది. దారం తీసే యంత్రం దగ్గర ఉన్న సహోద్యోగి దాని సన్నని రంధ్రాలు పూడిపోతాయేమోనని మొదట ఒప్పుకోలేదు. ఆమె పట్టుబట్టి తీయించిన ఆ దారమే, బరువుకు బరువు పోలిస్తే ఉక్కుకు ఐదింతల బలం ఉన్న కెవ్లార్. కొన్ని రకాల హోసుల్లో ఉక్కు తీగకు బదులు అల్లేది కూడా ఈ కుటుంబపు నారనే. దానికి అన్నయ్య వంటి నోమెక్స్ అనే నార మంట తగిలితే కరగకుండా బొగ్గులా మారి ఉబ్బుతుంది, అందుకే అగ్నిమాపక సిబ్బంది దుస్తుల్లో వాడతారు.

కెవ్లార్‌కు శత్రువు ఎండ, మా అలవాటేమో ఉతికి ఎండలో ఆరవేయడం. చెమటకు తడిసిన తొడుగులను మా కుర్రవాళ్లు షెడ్డు రేకులమీద వరుసగా పరిచేవారు. నిమ్మపండు రంగులో వచ్చిన తొడుగులు కొన్ని నెలలకే గోధుమ రంగుకు తిరిగేవి. అతినీలలోహిత కిరణాలు నారను తినేస్తున్నాయనడానికి ఆ రంగే గుర్తు. బ్లీచింగ్ పౌడరు కూడా అంతే చేస్తుంది. నీడన ఆరవేయమని చెప్పడానికి నాకు రెండు వేసవులు పట్టాయి.

అల్యూమినియం పూత కోటు ఫర్నేస్ నుంచి వచ్చే వేడిని అద్దంలా తిప్పికొడుతుంది, అద్దంలాగే మసిబారితే పని మానేస్తుంది. కొనేటప్పుడు సరఫరాదారును వేడి, మంటల నుంచి కాపాడే దుస్తులకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11612 అక్షరాలు అడగండి. కరిగిన ఇనుము చిందిన పరీక్షకు ఇ (E) అక్షరం, కరిగిన అల్యూమినియానికి డి (D) అక్షరం వేస్తారు. మీరు పోసేది ఏ లోహమో దానికి తగిన అక్షరం లేని కోటు ఎంత మెరిసినా మీకు అక్కరలేదు. కోటు లోపల పాలిస్టర్ బనియను ఉంటే వేడికి అది చర్మానికి కరుచుకుంటుంది, కాబట్టి నూలు బనియన్లు మీరే కొనివ్వండి. ప్యాంటు అంచు బూటు లోపల దోపుకోకుండా చూడండి, చిందిన ఇనుము బూటులోకి దిగితే బూటు విప్పేలోపే పాదం కాలిపోతుంది. మే నెలలో ఈ కోటు వేసుకుని ఇరవై నిమిషాలు నిలబడడం ఎవరికీ సాధ్యం కాదు, నేను ప్రయత్నించే చెబుతున్నాను. పోత పోసేవారిని మార్చి మార్చి పెట్టకపోతే వారు గుండీలు విప్పేస్తారు, తప్పు వారిది కాదు.

మీ స్థానంలో నేనుంటే ముందుగా హోసులన్నిటి మీది తేదీలు చదివి, ఫర్నేస్ దగ్గర పాతబడినవాటిని మారుస్తాను. తరువాత కార్బన్ మోనాక్సైడ్ మీటరు, ఆ పైన పోత పోసే ఇద్దరికీ సరైన అక్షరం ఉన్న కోట్లు, నూలు బనియన్లు కొంటాను. ఎల్పీజీ డిటెక్టరు బర్నర్లు ఉంటేనే. ఖరీదైన కెవ్లార్ తొడుగులు పదునైన అంచులున్న పోతలను శుభ్రం చేసే ఫెట్లింగ్ పనివారికి మాత్రమే చాలు, అందరికీ వద్దు. మీ సరఫరాదారు ఇచ్చిన ధరల పట్టికలో టెస్ట్ గ్యాస్ సిలిండరు ఉందో లేదో ఒకసారి చూడండి. లేకపోతే ఆ వరుస చేర్పించిన తరువాతనే బేరం మొదలుపెట్టండి.